చిన్నమ్మ కొనబోయిన ఖాళీ కంపెనీ

మా చిన్నమ్మకు పి.ఈ. రేషియో నేర్పింది నేను. తప్పు నేర్పింది కూడా నేనే. దాన్ని దిద్దడానికి నాకు నాలుగు శుక్రవారాలు పట్టింది. అందులో మూడోది మాత్రం కావాలనే పోగొట్టాను.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తుండేది. నేను అదే అర్దియాలో, ఇండస్ట్రియల్ వైపు, అల్యూమినియం కిటికీలు చేసే వర్క్‌షాపులో బిల్లులు టైపు చేసేవాడిని. చదివింది బీకాం. మూడో ప్రయత్నంలో పాసయ్యాను కాబట్టి ఒక్కసారికే పాసైనవాళ్ల కంటే మూడు రెట్లు ఎక్కువ చదివినట్టు లెక్క. ఉండేది రిగ్గైలో, ఆరుగురం పడుకునే గదిలో.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నమ్మకు రెండు గంటలు సెలవు. జమియా సూపర్‌మార్కెట్ ముందు బెంచీ మీద కూర్చునేది, పక్కన ఒక స్టీలు డబ్బా. డబ్బాలో పైన వాళ్లింటి కోడి అన్నం, అడుగున కవరులో చుట్టి మా ఊరి చెనిక్కాయల చట్నీ. నేను వెళ్లేది డబ్బా కోసం. చూడటానికి వచ్చానని ఆమెతో చెప్పేవాడిని. ఆమె నమ్మినట్టు కనిపించేది.

ఇదే కువైట్‌లో నా ఆఖరి ఏడు అని ఆ సంవత్సరం చిన్నమ్మ తేల్చేసింది. మోకాళ్లు అరిగిపోయాయి. వాళ్లింట్లో వంటగది ఇంటికి దూరంగా, వెనక పెరట్లో ఉండేది. పళ్లేలు ఎత్తుకుని రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కేదో ఆమె మోకాళ్లకే తెలుసు. మా ఊరి బస్టాండు పక్కన టైర్ల షాపు ఉన్న రూము రంజాన్ తర్వాత ఖాళీ అవుతుందని కబురు వచ్చింది. అందులో టిఫిన్ హోటల్ పెట్టాలని ఆమె కోరిక. నాలుగు టేబుళ్లు, ఒక దోసె పెనం.

“నేను ఉప్పేస్తే దాని మింద ఇంకొకరు వచ్చి రుచి చూసి మళ్లీ ఉప్పేయకూడదురా. నాకు కావల్సింది అంతే,” అనేది.

దాచుకున్న డబ్బు, వెళ్లేటప్పుడు మామా ఇచ్చే సర్వీసు డబ్బు కలిపితే నాలుగు టేబుళ్లకు సరిపోతుంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. కువైట్‌లో ఇంట్లో పనిచేసే ఆడవాళ్లందరికీ యజమానురాలు మామానే. మా చిన్నమ్మ మామా ఆమె కంటే ఆరేళ్లు చిన్నది.

అవి షేర్ల రోజులు. కువైట్‌లో ఎవరు కలిసినా షేర్లే మాట్లాడేవారు. మా వర్క్‌షాపులో వెల్డింగు చేసే అతను కూడా మాస్కు పైకెత్తి, మార్కెట్ ఎలా ఉందని నన్ను అడిగేవాడు. అమెరికాలో చదివి వచ్చిన మామా కొడుకు కంప్యూటర్‌లో అమెరికా షేర్లు కొనేవాడు. అతను తల్లితో అన్నాడు, తల్లి చిన్నమ్మతో అంది: నీ డబ్బు కూడా వాడి చేతికియ్యి, వాడి డబ్బుతో పాటు ఒక మంచి కంపెనీలో పెడతాడు, కాకపోతే రెండేళ్లు తియ్యడానికి ఉండదు, ఆ రెండేళ్లు నా దగ్గరే ఉండు, తర్వాత పెద్ద హోటలే పెట్టుకో. మామా చిన్నమ్మ మంచి కోరింది. ఇంకో రెండేళ్లు చిన్నమ్మ వంటను కూడా కోరింది. రెండూ నిజమే.

మొదటి శుక్రవారం చిన్నమ్మ డబ్బా మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

“రేయ్, షేరంటే ఏందిరా? బీకాం చదివినావు గదా.”

“ఒక కంపెనీని లక్ష ముక్కలు చేసి అమ్మితే ఒక్కో ముక్క ఒక షేరు, చిన్నమ్మా.”

“ముక్క లేతదో ముదురుదో ఎట్లా తెలుస్తాది? బెండకాయైతే కొన తుంచి చూస్తాం.”

“దీనికి పి.ఈ. అని ఉంటాది. అదే దీని కొన. ముక్క ధర వంద ఫిల్సులు అనుకో. ఆ ముక్క మీద కంపెనీ ఏడాదికి పది ఫిల్సుల లాభం తీస్తాంది అనుకో. వందను పదితో భాగిస్తే పది. అంటే లాభం ఇట్లే ఉంటే, నువ్వు పెట్టినంత సంపాదించడానికి దానికి పదేళ్లు పడతాది.”

నా జీవితంలో ఇంత శుభ్రంగా ఏదీ చెప్పలేదు. పరీక్షలో ఇలా రాసి ఉంటే రెండో ప్రయత్నంలోనే బయటపడేవాడిని. చిన్నమ్మకు మాత్రం ఆశ్చర్యమేమీ కలగలేదు.

“ఇంతేనా? ఇది మన వీసా లెక్కే గదరా!”

నిజమే. కడప వైపు నుంచి కొత్తగా ఎవరు దిగినా మావాళ్లు మొదట అడిగేది ఆరోగ్యం గురించి కాదు. “వీసాకు ఎంత పెట్టినావు? ఎన్ని నెల్లల్లో తేల్తావు?” అని. పెట్టిన ధరను నెల జీతంతో భాగిస్తారు. చిన్నమ్మ తన వీసా డబ్బు పద్నాలుగు నెలల్లో తేల్చుకుంది. అమెరికాలో కోట్లు వేసుకుని చేసే లెక్కను ఆమె గోనెసంచి మోసుకుంటూ ఎయిర్‌పోర్టులోనే చేసేసింది.

“అయితే ఈ పి.ఈ. తక్కువుంటే మేలా, ఎక్కువుంటే మేలా?”

“తక్కువుంటే చౌక, చిన్నమ్మా.”

ఇక్కడ నేను ఇంకో ముక్క చెప్పాల్సింది. ‘లాభం వచ్చే కంపెనీకైతే’ అని. కానీ ఆమె అప్పుడే డబ్బా మూత తీసింది. చట్నీ వాసన వచ్చింది. ఆ ముక్క గొంతులోనే ఉండిపోయింది.

ఆ వారమంతా చిన్నమ్మ ప్రపంచాన్ని భాగించింది. రెండో శుక్రవారం నేను కూర్చోకముందే మొదలుపెట్టింది. “మా డ్రైవరు జీతమంతా పెట్టి కొత్త ఫోను కొన్నాడు. దాంతో వానికి వచ్చేది రోజూ పెండ్లాం తిట్లు. దాని పి.ఈ. చెప్పు చూద్దాం.” తర్వాత చుట్టూ చూసి, బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మామా కొడుకు ఏదో వెబ్‌సైటులోంచి ప్రింటు తీసి ఇచ్చిన కాగితం. ఇరవై కంపెనీల పేర్లు, పక్కన ధరలు, చివరి వరుసలో పి.ఈ. చిన్నమ్మకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. పద్నాలుగు, ఇరవై రెండు, ముప్పై ఒకటి. ఒక పేరు కింద మాత్రం మామా కొడుకు పచ్చ ఇంకుతో గీత గీశాడు. చెప్పిన మంచి కంపెనీ అదే. దాని పక్కన 0.00 అని ఉంది.

“సున్నా రా,” అంది చిన్నమ్మ, గొంతు తగ్గించి. “పది ఉంటే పదేండ్లన్నావు. సున్నా అంటే? పెట్టిన పూటే డబ్బంతా తేలిపోతాది! ఇంత చౌకది ఈ కాయితంలో ఇంకోటి లేదు. ఎవురూ చూసినట్టు లేదు. నువ్వు గూడా ఎవురికీ చెప్పొద్దు.”

అబద్ధమెందుకు, ఒక అర నిమిషం నేనూ నమ్మాను. లోకంలోని షేరు వ్యాపారులందరి కళ్లు కప్పిన రహస్యాన్ని మా చిన్నమ్మ జమియా బెంచీ మీద కూర్చుని పట్టేసిందని ఒళ్లు జలదరించింది. నా బీకాం నాణ్యత ఏమిటో దీన్నిబట్టి మీరు గ్రహించవచ్చు.

“చూసి చెప్తా,” అని కాగితం జేబులో పెట్టుకున్నాను.

మరునాడు వర్క్‌షాపులో, లాభం ఎంతో తేల్చుకుందామని, క్యాలిక్యులేటర్ తీసి ఆ షేరు ధరను సున్నాతో భాగించాను. ఈ లెక్క కుదరదన్నట్టు అద్దం మీద E అని వచ్చి ఆగిపోయింది. అప్పుడు, మా మేనేజరు ముదీర్ భోజనానికి వెళ్లిన సమయంలో, ఆయన కంప్యూటర్‌లో ఆ కంపెనీ గురించి చదివాను. చదివే కొద్దీ ముచ్చటేసింది. ఆ కంపెనీకి వ్యాపారం లేదు. ఏమీ తయారు చేయదు, ఏమీ అమ్మదు. జనం దగ్గర డబ్బు పోగుచేసి బ్యాంకులో పెట్టింది. రెండేళ్లలోపు, నడుస్తున్న కంపెనీ ఒకటి వెతికి కొంటుంది. ఏ కంపెనీ? ఇంకా తమకే తెలియదని వాళ్లే రాశారు. దొరకకపోతే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి ఇచ్చేస్తారు. ఇలాంటి వాటిని బ్లాంక్ చెక్ కంపెనీలు అంటారట. సంతకం మనది, అంకె వాళ్లది.

మోసమేమీ లేదు. అన్నీ చక్కగా చెప్పారు. కాకపోతే లాభమే లేనిచోట దేంతో భాగించాలి? జవాబు రాని గడిలో ఆ వెబ్‌సైటు 0.00 అని కొట్టి ఊరుకుంది. ఆ సున్నాకు సున్నా ఏళ్లని అర్థం కాదు. ఇక్కడ ఈ ప్రశ్న అడగడానికే కుదరదని అర్థం. పద్నాలుగుకూ ఇరవై రెండుకూ పక్కన దాన్ని పెట్టి చౌక అనడం, పుట్టని బిడ్డకు జ్వరం లేదని సంబరపడటం లాంటిది.

ఇదంతా మూడో శుక్రవారం చెప్పాలి. చెప్పలేదు.

ఎందుకంటే వర్క్‌షాపు నుంచి బస్సులో రిగ్గైకి వస్తుంటే ఇంకో లెక్క తట్టింది. ఆమె ఆ షేరు కొంటే డబ్బు రెండేళ్లు ఇరుక్కుంటుంది. డబ్బు ఇరుక్కుంటే చిన్నమ్మ కువైట్‌లోనే ఉంటుంది. రెండేళ్లంటే నూరు పైచిలుకు శుక్రవారాలు. ఆ దేశంలో నన్ను రేయ్ అని పిలిచే మనిషి ఒక్కతే ఉంది. మిగతా అందరూ సార్ అనో, మిత్రమా అన్నట్టు సిద్దీక్ అనో, ఇఖామా కార్డు మీది నంబరుతోనో పిలిచేవారు.

మూడో శుక్రవారం ఆమె రాగి సంకటి తెచ్చింది. ఎవరో ఊరి నుంచి తెచ్చిన పిండిని దాచి, నా కోసం కెలికింది.

“చూసినావా దాన్ని?”

“చూస్తాన్నా చిన్నమ్మా. పెద్ద కంపెనీ గదా, టైము పడతాది.”

“తొందరగా చూడు. కొనేటట్టయితే టైర్ల షాపు రూము ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పల్ల గదా. పాపం, వాళ్లు నా కోసం ఆపిపెట్టినారు. వచ్చే వారం ఫోన్ చేసి చెప్పేస్తా.”

ఆ సంకటి నా గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది. దిగింది. రెండు ముద్దలు దిగాయి.

పోయేటప్పుడు బెంచీ మీద నుంచి లేవడానికి ఆమె ఎప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసింది. మామూలుగా అయితే లేచిన వెంటనే చెయ్యి తీసేది. ఆ రోజు నిలబడ్డాక కూడా కొంచెంసేపు అలాగే పట్టుకుని ఉంది. “ఉండు, ఈ ఎడమది రొంత కుదురుకోనీ,” అంది, మోకాలి గురించి ఎవరో పరాయివాళ్ల గురించి చెప్పినట్టు. ఆ చెయ్యి బరువు రిగ్గై దాకా నా భుజం మీదే ఉంది.

నాలుగో శుక్రవారం ఆమె జమియాకు రాలేదు. చలికాలం కదా, మామా కుటుంబమంతా కబ్ద్‌లోని వాళ్ల తోటకు వెళ్లింది, వంట కోసం చిన్నమ్మను తీసుకెళ్లింది. సామాన్లు పట్టుకెళ్తున్న వాళ్ల డ్రైవరు కారులో ఎక్కాను. కిరాయి కింద అతని కొత్త ఫోను కథ మొత్తం విన్నాను.

కబ్ద్ అంటే ఎడారి, మధ్యమధ్య తోటలు, గొర్రెల దొడ్లు. గుడారం వెనక చిన్నమ్మ బొగ్గుల పొయ్యి ముందు ముక్కాలి పీట మీద కూర్చుని టీ కాస్తోంది. నన్ను చూసి కంగారుపడింది.

“ఏమైందిరా? ఇంతదూరం వచ్చినావు. అన్నం కోసమా?”

“ఫోన్ చేసినావా టైర్ల షాపుకు?”

“సాయంత్రం చేద్దామనుకుంటాండా.”

“చేయొద్దు. ఆ సున్నా సున్నా కాదు.”

చెప్పాను. వ్యాపారం లేదని, రెండేళ్లు వెతుకుతారని, ఆఫీసు ఉంది, కాగితాలున్నాయి, ముద్ర ఉంది, లోపల పని మాత్రం లేదని. చిన్నమ్మ పటకారుతో బొగ్గులు కదిలిస్తూ విని, టక్కున ఆగింది.

“ఆజాద్ వీసా కంపెనీ అని చెప్పు!”

రెండు వారాలుగా నాకు తట్టని మాట ఆమెకు రెండు నిమిషాల్లో తట్టింది. కువైట్‌లో ఇలాంటి కంపెనీ మాకెవరికీ కొత్త కాదు. వీసా ఇచ్చే కఫీల్ పేరుంటుంది, బోర్డుంటుంది, పని ఉండదు. వీసాకు డబ్బు కట్టి దిగి, పని మనమే వెతుక్కోవాలి. నేను వచ్చింది అలాంటి వీసా మీదే. దానికి డబ్బు కట్టింది చిన్నమ్మే. వచ్చాక ఎనిమిది నెలలు నాకు పని దొరకలేదు. ఆ ఎనిమిది నెలలూ అదే స్టీలు డబ్బా నన్ను మోసింది.

“అయితే ఏమిరా,” అంది చిన్నమ్మ. ఆమె అంత తొందరగా ఓడిపోయే రకం కాదు. “నిన్ను తెచ్చినప్పుడు నీకేముండింది? పనుండిందా? జీతముండిందా?”

“మూడో తూరి పాసైన బీకాం ఉండింది.”

“అదే చెప్తాండా. ఏమీ లేదు. నీకు గూడా సున్నానే. అట్లాంటిది నీ మింద పెట్టినాను. తేలినావు గదా! ఇది మాత్రం యాల తేలదు?”

మంచి ప్రశ్న. నాకు తెలిసినంతలో ఇలాంటి కంపెనీ గురించి అడగదగిన ప్రశ్న అదొక్కటే. లాభం లేదు కాబట్టి లెక్క వేయలేం. చెక్కు మీద అంకె వేసే మనిషి ఎవరో చూసుకోవాలి, అంతే.

“నా మింద పెట్టేటప్పుడు నేను నీకు తెలుసు, చిన్నమ్మా. చిన్నప్పుడు నా ముక్కు తుడిచినావు. ఈ కంపెనీ పెద్దమనుషుల ముక్కు ఎప్పుడన్నా తుడిచినావా?”

చిన్నమ్మ నవ్వింది. కాగిన టీ పొంగి బొగ్గుల మీద పడింది. “నీదేమీ చిన్న ముక్కు కాదులే. వానాకాలం చెరువు తూము,” అంది కొంగుతో గిన్నె దించుతూ.

అక్కడితో ఊరుకుని ఉంటే నవ్వుతోనే పోయేది. కానీ ఆమెకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

“పోయిన శుక్రవారమే నాకు తెలుసు. నువ్వు ఉంటావు గదా అని చెప్పలేదు.”

ఆమె గ్లాసులు సర్దడం ఆపలేదు.

“ఇంకోటి. నా వీసాకు డబ్బు కట్టకపోయింటే నువ్వు రెండేండ్ల ముందే ఇంటికి పోయిండేదానివి. ఆ రెండేండ్లూ నా కిందనే పోయినాయి. ఇప్పుడు ఇంకో రెండేండ్లు...”

“ఎవురు చెప్పినార్రా నీకు?”

“ఎవురూ చెప్పలేదు. నువ్వే గదా అన్నిటినీ భాగించేది. నేనూ భాగించినాను.”

చిన్నమ్మ ఒక గ్లాసులో టీ పోసి, మూడు చెంచాల చక్కెర వేసి నా చేతికిచ్చింది. నేను తాగేది ఒక చెంచాతోనే. ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్లలో చక్కెర లెక్క తప్పడం ఆమెకు అదే మొదటిసారి అయ్యుండాలి. తాగేశాను.

“చెప్పకపోయింటే చంపేసిండేదాన్ని,” అంది చివరికి. తర్వాత మోకాలు పట్టుకుని లేచింది. నేను భుజం అందించాను. “ఒక్క ఖాళీ కంపెనీని సాకినాను, చాలు. ఇంకోదాన్ని సాకే ఓపిక నాకు లేదు.”

గుడారంలోకి వెళ్లి మామాతో చెప్పింది. గుడ్డకు ఇవతల నుంచి నాకు “ఖలాస్, మామా” అన్న మాట మాత్రం వినబడింది. తర్వాత ఇద్దరి ఏడుపూ వినబడింది. నాకూ కళ్లు తడి అయ్యాయి. అది బొగ్గుల పొగ వల్లనే. మూడు నిమిషాలు ఏడ్చాక మామా ముక్కు చీది, అయితే ఈ రంజాన్‌కు సంబూసాలు చేసేసే పోతావు కదా అని అడిగింది. చిన్నమ్మ ఒప్పుకుంది.

రంజాన్ అయిన రెండో వారం ఆమెను ఎయిర్‌పోర్టులో దింపాను. మామా ఇచ్చిన దుప్పట్లు, ఖర్జూరాలు, ఎందుకో ఒక ఇస్త్రీపెట్టె. బరువు ఎక్కువైందని కౌంటర్‌లో అమ్మాయి కొన్ని తీసేయమంది. చిన్నమ్మ ఏమీ తీయలేదు, స్టీలు డబ్బా ఒక్కటే తీసి నా చేతిలో పెట్టింది. తెరిచి చూశాను. ఖాళీ.

“శుక్రవారం ఏమన్నా చేసుకోని తిను,” అంది.

రెండేళ్లు గడిచాయి. మధ్యలో లోకమంతా షేర్లు కూలిపోయాయి. మా వర్క్‌షాపులో వెల్డరు మాస్కు మళ్లీ కిందికి దించుకున్నాడు. మామా కొడుకు కాగితంలోని పద్నాలుగు, ఇరవై రెండు, ముప్పై ఒకటి అన్నీ నేలకరిచాయి. ఆ సున్నా కంపెనీ మాత్రం గడువు దాకా వెతికి వెతికి, కొనదగినది ఒక్కటీ దొరక్క, ఎవరి డబ్బు వాళ్లకు కొద్దిపాటి వడ్డీతో సహా తిరిగి ఇచ్చేసింది. ఏమీ చేయకపోవడం వల్ల బతికిపోయింది. ఆ లెక్కన మా గదిలో సగం మందికి దాని కంటే మంచి అర్హతలుండేవి. మామా వాళ్ల డ్రైవరు ఈ సంగతి చెప్పినప్పుడు, నిజాయితీగా చిన్నమ్మకు చెప్పాలనిపించి ఫోన్ చేశాను. ఉదయం పూట. వెనకాల జనం గోల, పెనం మీద నీళ్లు చిలకరించిన చప్పుడు.

“చిన్నమ్మా, ఓడిపోయినా. నువ్వు ఆ షేర్లో పెట్టుంటే డబ్బు రూపాయి పోకుండా వచ్చిండేది. ఈ వారమే వచ్చిండేది.”

“ఏ షేరు?”

“పచ్చ గీత గీసినది. సున్నా.”

“ఓ, అదా.” ఎవరికో రెండు పెసరట్లని కేకేసింది. “డబ్బు ఈ వారం వచ్చిండేది. సరే. ఈ రెండేండ్లు ఎవురిచ్చిండేవాళ్లు?”

క్యాలిక్యులేటర్‌ను అడిగితే E అని చూపించేదేమో. మాట మార్చడానికి అడిగాను, “హోటల్ ఎట్లా ఉంది? దాని పి.ఈ. ఎంత ఇప్పుడు?”

“నా తలకాయంత. ఉప్పు మాత్రం ఎవురూ మళ్లీ ఏయలేదు,” అంది. “సరే పెట్టెయ్, చట్నీ అయిపోయింది. డబ్బా వాడుకుంటాండావా?”

వాడుకుంటున్నానని చెప్పాను. ఆ రోజు అందులో అన్నమే ఉంది, నేనే వండింది. ఉప్పు ఎక్కువైంది.